రక్తము గడ్డకట్టుట – 'కె' విటమిను

వరికోతలో కొడవలి తగిలి వ్రేలు తెగినచో, గుడ్డతో కొంతసేపు అదిమి పట్టిన రక్తము నిలిచిపోవును. ఇట్లు నిలుచుటకు రక్తములోని పదార్థములు కొన్ని ఒకదాని వెంట నొకటి పనిచేసి గడ్డను ఏర్పరచును. వానిలో నాలుగింటిని కాలేయము తయారుచేసి, 'కె' విటమిను సాయముతో పనికివచ్చు స్థితికి తెచ్చును. ఈ విటమినును గురించి రైతు కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు.

కనుగొన్న విధము

1929లో కోపెన్‌హాగెన్ నగరమున హెన్రిక్ డామ్ అను శాస్త్రజ్ఞుడు కొవ్వు తీసిన మేతతో కోడిపిల్లలను పెంచగా, వాని చర్మము క్రిందను, కండలలోను రక్తస్రావము కలిగెను. ఈ లోపమును తీర్చు పదార్థమునకు ఆయన 1935లో 'కె' విటమిను అని పేరిడెను. ఆ కాలముననే ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అను ఎండుమేత తిన్న పశువులు చిన్న గాయమునకే రక్తము ఆగక చనిపోవుచుండెను. ఆ మేతలోని విషపదార్థమును 1939లో కార్ల్ లింక్ ప్రయోగశాలలో వేరుచేసిరి. అది 'కె' విటమిను పనిని అడ్డగించును. దాని జాతికి చెందిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బయటికి వచ్చెను. 1954 నుండి మనుష్యులకు రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు మందుగా కూడ వాడుకలోనికి వచ్చినది.

మాత్రలు అవసరమా?

బలమునకని కొందరు 'కె' విటమిను మాత్రలు కొనుచున్నారు. మరికొందరు రక్తము చిక్కబడునని భయపడి ఆకుకూరలే మానుచున్నారు. రెండును పొరపాటే. నాలుగు బండ్లకు నాలుగు జతల ఎడ్లు చాలును; కొట్టములో మరి పది జతలు కట్టినను సంతకు చేరు ధాన్యము పెరుగదు. అట్లే, ఆరోగ్యవంతునిలో ఆ నాలుగు పదార్థములును ఇదివరకే సిద్ధముగా నుండును గనుక, అధికముగా తిన్న విటమిను రక్తమును అధికముగా గడ్డకట్టించదు.

అమెరికా పోషణ నిపుణులు 2001లో దినమునకు పురుషునకు 120, స్త్రీకి 90 మైక్రోగ్రాములు చాలునని నిర్ణయించిరి. నూరు గ్రాముల పాలకూరలో 300 మైక్రోగ్రాములకు పైగా లభించును. తోటకూర, మునగాకు కూడ మంచివే. ఈ విటమిను కొవ్వులో కరగును గనుక కూరలో కొంచెము నూనె ఉండవలయును.

ఎవరు జాగ్రత్త పడవలయును?

పుట్టిన బిడ్డకు ఈ విటమిను నిలువ స్వల్పము, తల్లిపాలలోను తక్కువే. కనుక ఆసుపత్రిలో ఇచ్చు 1 మిల్లీగ్రాము ఇంజెక్షనును వద్దనరాదు. గుండె కవాటము మార్పించుకొని వార్ఫరిన్ వంటి మందు వాడువారు ఆకుకూరలు మానవలసిన పని లేదు. ఒక వారము మిక్కుటముగను, ఒక వారము బొత్తిగా లేకయు కాక, ఎప్పుడును ఒకే తీరున తినవలయును. వైద్యుని అడుగక 'కె' మాత్రలు మాత్రము మ్రింగరాదు.

ఎలుకల ఎర – ప్రమాదము

96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతపు బ్రోమడయోలోన్ కలిపి మనము వాడు ఎర కూడ వార్ఫరిన్ వలెనే పనిచేయును. నూకలు గనుక పిల్లలును, కోళ్ళును, కుక్కలును తినుటకు అవకాశము కలదు. తిన్న మొదటి ఒకటి రెండు దినములు ఏమియు కనిపించకపోవచ్చును. రక్తములో అంతకుముందే తయారైయున్న పదార్థములు తరిగిన పిమ్మటనే చిగుళ్ళ నుండి, ముక్కు నుండి రక్తము కారుట, మూత్రము ఎర్రబడుట మొదలగును. "బాగానే ఉన్నాడు గదా" అని ఇంట నుంచుకొనరాదు. వాంతి చేయింపక, మందు పొట్లముతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలయును. రక్తపరీక్ష చేసి వైద్యులిచ్చు 'కె1' విటమినే దీనికి విరుగుడు; విషము కాలేయములో చాలకాలము నిలుచును గనుక చికిత్స వారముల తరబడి సాగవచ్చును. కోళ్ళ దాణాలో కలుపు 'కె3' పొడి ఇందుకు పనికిరాదు. నల్లని జింకు ఫాస్ఫైడునకు 'కె' విటమిను విరుగుడు కానేకాదు. పొట్లము వెంట నుండవలెననుట ఇందుకే.

ఎర కలిపిన పాత్రలను వంటకు వాడకుడు. పొట్లములను కన్నముల లోపలికి త్రోసి మూయుడు. మిగిలిన మందును తాళము వేసి ఉంచుడు. గ్రామమంతయు కలిసి ఎర పెట్టు దినమును గ్రామోద్యోగులు ముందుగా చాటింపు వేయించినచో పంటయు దక్కును, పిల్లలును క్షేమముగా నుందురు.