చలిమంటయు పరుగుపందెమును

పాఠ్యభాగములు: యోహాను 18:15–18, 20:1–10, 21:1–14



పుష్యమాసపు చలి రావికమతము చుట్టుపట్ల పల్లెలకు క్రొత్త కాదు. ఆకాశము నిర్మలముగా నున్న దీర్ఘరాత్రులలో నేల తన వేడిని కోల్పోవును. కొండలమీది చల్లగాలి బరువైనది గనుక పల్లమునకు దిగి నిలుచును. చెరువులనుండియు పొలములనుండియు లేచిన తేమ ఆ చల్లదనమున పొగమంచై కమ్మును. సూర్యుడు నేలను కాచువరకు అది విడువదు. అట్టి వేకువలో మన యౌవనస్థులు కొందరు పరుగెత్తుటకు పోవుచున్నారు. పోలీసు ఉద్యోగమునకో, సైన్యములో చేరుటకో వారికి ఈ సాధన కావలెను. మొదటి వారము పదిమంది లేతురు. చలి ముదిరినకొలది నలుగురే మిగులుదురు. తక్కినవారు దుప్పటిలోనో, చలిమంటయొద్దనో ఉండి, "రేపు పోదుములే" అందురు.

ఈ నెల పాఠము ఆ పిల్లలకొరకు, వారినిబట్టి మనకందరికొరకు.

పరుగును గూర్చి సంఘములో పాఠమేల అని పెద్దలు అడుగవచ్చును. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో (4:8) శరీర సాధకమువలన కొంత ప్రయోజనమున్నదని ఒప్పుకొనెను; దైవభక్తి ఇహమందును పరమందును ప్రయోజనకరమని బోధించెను. కొంత అనెను గాని ఏమియు లేదనలేదు. కూలి చేసి బిడ్డను చదివించిన తలిదండ్రుల ఇంటికి ఆ కొంత చిన్నది కాదు.

1. చలిమంటయొద్ద నిలిచినవాడు

ప్రభువును పట్టుకొనిన రాత్రి చలిగా నుండెనని యోహాను వ్రాసెను. దాసులును బంట్రౌతులును నిప్పులు రాజవేసి కాచుకొనుచుండిరి. పేతురును వారితోకూడ నిలిచి కాచుకొనుచుండెను. చలి కాచుకొనుట పాపమా? కాదు. కాని లోపల తన ప్రభువు ప్రశ్నింపబడుచుండగా పేతురు బయట ఆ వెచ్చదనమును విడువలేక నిలిచెను. మంటయొద్ద ఎవరున్నారో వారే అతని సహవాసమైరి. వారి మాటకు భయపడి ముమ్మారు బొంకెను.

చలిమంట ఎవరితోను "పోవద్దు" అని చెప్పదు. "ఇంకొంచెము సేపు" అని మాత్రమే చెప్పును. మనలను ఓడించునది ఆ కొంచెము సేపే. దుప్పటియు అంతే, చేతిలోని సెల్లుఫోనును అంతే. రాత్రి పన్నెండుగంటలవరకు దానిని చూచినవాడు నాలుగున్నరకు లేవలేడు. వాడు చలిని నిందించును గాని, వాని ఓటమి రాత్రియే జరిగిపోయినది.

2. ఇంకను చీకటిగా ఉండగానే

ఇరువదియవ అధ్యాయము తెరవుడి. ఆదివారమున ఇంకను చీకటిగా నుండగానే మగ్దలేనే మరియ సమాధియొద్దకు వెళ్లెను. ఆమె తెచ్చిన వార్త విని పేతురును వేరొక శిష్యుడును పరుగెత్తిరి. ఎవరీ పేతురు? కొన్ని రాత్రుల క్రిందట చలిమంటను విడువలేని పేతురే! ఇంతలో ఋతువు మారెనా? లేదు. ఆ దినములే, ఆ పట్టణమే. మారినది వాతావరణము కాదు, పోవుటకు కారణము. కారణము పెద్దదైనప్పుడు చలి చిన్నదాయెను.

ఇంకొకటి గమనింపుడి. ఆ రెండవ శిష్యుడు పేతురుకంటె త్వరగా పరుగెత్తి ముందుగా చేరెను. తాను వెనుకబడితినని పేతురు నడుమ దారిలో ఆగిపోలేదు. చేరి, లోపలికిని వెళ్లెను. నీ స్నేహితుడు నీకంటె వేగముగా పోవుచున్నాడని నీవు మానవద్దు.

కావున పడకమీద నుండి "బయట ఎట్లున్నది?" అని అడుగవద్దు, "నేను ఎందుకు పోవుచున్నాను?" అని అడుగుము. మనస్సు లేచినతరువాత కాళ్లు లేచునని కనిపెట్టువాడు మాఘమువరకు కనిపెట్టును. కాళ్లు ముందు లేచినయెడల మనస్సు వెనుక వచ్చును. చలికి జడిసి దున్నని సోమరికి కోతకాలమున ఏమియు దొరకదని సామెతల గ్రంథము (20:4) హెచ్చరించుచున్నది. వ్యవసాయము చేయు మనకు దానిని విప్పి చెప్పనక్కరలేదు.

3. తేదీ తెలియని పరీక్ష

2022 నవంబరులో మన రాష్ట్రమున 6,100 కానిస్టేబులు ఉద్యోగములకు ప్రకటన వచ్చెను. 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష జరిగెను. దేహదారుఢ్య పరీక్షలు వాయిదాపడి, తుదకు 2024 డిసెంబరు 30న గాని మొదలుకాలేదు. 1600 మీటర్ల దూరమును పురుషులు 8 నిమిషములలో, స్త్రీలు 10 నిమిషముల 30 సెకనులలో పరుగెత్తవలెను. ప్రాథమిక పరీక్షలో నెగ్గినవారు దాదాపు రెండు సంవత్సరములు తేదీ తెలియకయే సాధన చేయవలసివచ్చెను. తుదకు ఆ తేదీ చలికాలములోనే వచ్చెను! పిలుపు వచ్చినతరువాత లేతుమనుకొన్నవారికి వ్యవధి చాలునా? సిద్దెలలో నూనె ఉంచుకొన్న కన్యకల ఉపమానము (మత్తయి 25) మనకు జ్ఞాపకము రావలెను. ప్రభువు రాకడయు అట్టిదే.

విశాఖపట్నములో పుట్టి పెరిగిన జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్సు, అనగా అడ్డుకట్టెలమీదుగా దూకుచు పరుగెత్తు పందెములో పేరు పొందెను. 2024లో పారిస్ ఒలింపిక్సులో ఆ పందెమున పాల్గొన్న మొదటి భారతీయురాలు ఆమెయే; అయినను సెమీఫైనలుకు చేరలేదు. మరుసటి సంవత్సరము మే నెలలో దక్షిణ కొరియాలోని గుమి పట్టణమున ఆసియా పోటీలు జరిగెను. వాన కురిసెను, ప్రేక్షకుల ఆసనములు ఖాళీగా నుండెను. ఆ తడిసిన బాటమీద ఆమె 12.96 సెకనులలో గమ్యము చేరి బంగారు పతకము గెలిచెను. చప్పట్లు లేకపోయినను గమ్యము గమ్యమే. చీకటిలో ఒంటరిగా పరుగెత్తు బిడ్డా, నిన్నెవరును చూచుటలేదని అనుకొనకుము. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక (12:1–2) చెప్పు సాక్షి సమూహమును తలంచుము, యేసువైపు చూడుము.

4. ఆచరణ

రాత్రియే బట్టలు, బూట్లు తలగడయొద్ద పెట్టుకొనవలెను. ఒంటరిగా పోక ఒకనితో మాట ఇచ్చిపుచ్చుకొనవలెను. ఇద్దరున్నయెడల ఒకడు పడినను రెండవవాడు లేపును (ప్రసంగి 4:9–10). ఆడపిల్లలు పోవునప్పుడు ఇంటివారిలో ఒకరు వెంట నుండుట మేలు. చలికి కండరములు బిగిసియుండును గనుక మొదట పది నిమిషములు వేగముగా నడచి, పిమ్మట పరుగెత్తవలెను. మనస్సు బొత్తిగా ఒప్పనినాడు "పది నిమిషములు మాత్రమే" అని బయలుదేరవలెను. బయలుదేరినవాడు తరచుగా మిగిలినదియు పూర్తిచేయును.

చెవులు, తల కప్పుకొనుట పిరికితనము కాదు. తన పరుగు కడముట్టించితినని వ్రాసిన పౌలే అదే అధ్యాయములో తన అంగీ తెమ్మనియు, శీతకాలము రాకమునుపే రమ్మనియు తిమోతిని కోరెను (2 తిమోతి 4:7, 13, 21). చెమటపట్టిన బట్టలు ఇంటికి రాగానే మార్చవలెను. దాహము తెలియకపోయినను నీళ్లు త్రాగవలెను.

చోడవరమునుండి నర్సీపట్నము పోవు రోడ్డుమీద మంచులో లారీ నడుపువానికి మనిషి కనబడడు. పాఠశాల మైదానము దొరికినయెడల రోడ్డు వద్దు. రోడ్డే గతియైతే తెల్లని బట్టలు వేసికొని, ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడి అంచున పోవలెను. దట్టమైన మంచు ఉన్నప్పుడు తెల్లవారువరకు ఆగవలెను. తుపాను గాలిలో, ఉరుములలో, జ్వరముతో పరుగెత్తుట విశ్వాసము కాదు, దేవుని శోధించుటయే. ఆయాసపు జబ్బు గలవారు వైద్యుని అడుగవలెను. ఛాతీలో నొప్పి కలిగినచో వెంటనే ఆగి వైద్యునియొద్దకు పోవలెను. ఆగవలసిననాడు ఇంటనే వ్యాయామము చేయవలెను, సాధన తెగకూడదు.

5. ఒడ్డునున్న మంట

యోహాను సువార్తలో నిప్పులు మరియొకసారి కనబడును. శిష్యులు రాత్రియంతయు వల వేసి ఏమియు పట్టలేదు. తెల్లవారుచుండగా ఒడ్డున నిప్పులు, వాటిమీద చేప, రొట్టెయు ఉండెను. భోజనమునకు రమ్మని ప్రభువే పిలిచెను. ఈ రెండు తావులలోను నిప్పులకు గ్రీకుభాషలో ఒకే మాట వాడబడినది. మొదటి మంట పేతురును కట్టివేసెను. రెండవది అతని కష్టమునకు సేదదీర్చెను. మంట చెడ్డది కాదు. దాని వరుస తెలియవలెను. ముందు పరుగు, తరువాత మంట.

తలిదండ్రులారా, చలికి జాలిపడి పిల్లలను పడుకొమ్మనకుడి. వారు తిరిగి వచ్చువేళకు పొయ్యి రాజవేసి చోడి అంబలి కాచి ఉంచుడి. సంఘపెద్దలారా, వేకువ ప్రార్థనకు చలికాలమున తగ్గిపోవు మన సంఖ్యనుకూడ ఈ పాఠముతో పరీక్షించుకొందము. పిల్లలు మైదానమునకు పోవుచుండగా మనము పడకలో ఉండి వారికి బుద్ధి చెప్పజాలము.

మానివేసిన యౌవనస్థుడా, బొంకిన పేతురునే ప్రభువు ఆ రెండవ మంటయొద్ద మరల పిలిచి పని అప్పగించెను. నీకును రేపటి వేకువ ఉన్నది.

చర్చకు ప్రశ్నలు

1. పేతురును చలిమంటయొద్ద నిలిపినది ఏది? సమాధివైపు పరుగెత్తించినది ఏది?
2. "ఇంకొంచెము సేపు" అని మనలను ఆపుచున్నవి మన ఇండ్లలో ఏవి?
3. ఈ చలికాలమున మన సంఘపు యౌవనస్థులకు తోడుగా ఎవరు లేతురు?

ప్రార్థనాంశము: పరీక్షలకు సిద్ధపడు బిడ్డల ఆరోగ్యముకొరకును, వేకువ రోడ్లపై వారి క్షేమముకొరకును, మనకందరికి కడవరకు ఓపికకొరకును ప్రార్థించుదము. ఆమేన్.