జంగిల్ బుక్‌లో ఎవరు పాడతారు? ఎవరు పాడరు?

ఫస్ట్ ఇయర్‌లో మన క్లబ్ స్కిట్ కోసం నేనో పాట రాశాను. రిహార్సల్‌లో ఒక సీనియర్ అక్క విని, "బాగుంది తమ్ముడూ, కానీ ఇది తీసేస్తే కథలో ఏం పోతుంది?" అంది. ఏమీ పోదు. పాట తీసేశారు. రెండ్రోజులు ఫీలయ్యాను. ఆ ప్రశ్న ఎంత మంచిదో 1967 నాటి డిస్నీ సినిమా 'ది జంగిల్ బుక్' మళ్ళీ చూశాక అర్థమైంది.

ముందు కొంచెం నేపథ్యం. 1894లో వచ్చిన కిప్లింగ్ పుస్తకం ఆధారంగా తీసిన ఈ సినిమాకి దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ రైథర్‌మన్. ఇది విడుదలవ్వకముందే, 1966 డిసెంబర్‌లో, వాల్ట్ డిస్నీ చనిపోయారు. మొదట బిల్ పీట్ రాసిన కథ, టెర్రీ గిల్కీసన్ కట్టిన పాటలు మరీ సీరియస్‌గా ఉన్నాయని డిస్నీ ఒప్పుకోలేదు. గిల్కీసన్ పాటల్లో ఒక్క 'ది బేర్ నెసెసిటీస్' మాత్రం నిలిచింది, దానికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మిగతావి షెర్మన్ సోదరులు కొత్తగా రాశారు.

ఇప్పుడు అసలు విషయం. మోగ్లీని ఊరికి చేర్చాలని బగీరా అనే చిరుతపులి తంటాలు పడుతుంటే, దారిలో ఎదురైన ప్రతి జంతువూ పాట పాడుతుంది. ఆ పాటలు ఒక్కొక్కటీ మోగ్లీకి ఒక ఆఫర్ అన్నమాట.

ఏనుగులు: మాతో కలిసి కవాతు చెయ్యి.
బాలూ ఎలుగుబంటి: నాలాగా హాయిగా బతికెయ్యి.
కింగ్ లూయీ: నిన్ను అడవిలోనే ఉంచుతా, నిప్పు రహస్యం చెప్పు.
కా అనే కొండచిలువ: నన్ను నమ్ము, నిద్రపో.
రాబందులు: మేమున్నాం నీకు స్నేహితులుగా.

మోగ్లీ ఏనుగుల వెనక ఏనుగులా నడుస్తాడు, బాలూ పక్కన ఎలుగులా గోక్కుంటాడు. వాడు జంతువు కావాలనుకుంటుంటే, లూయీ మనిషి కావాలనుకుంటాడు. ఈ లూయీ పుస్తకంలో లేనే లేడు. కిప్లింగ్ కోతులకి రాజే ఉండడు, పైగా ఒరంగుటాన్లు ఉండేది బోర్నియో, సుమత్రాల్లో. అయినా సినిమాకి వాడు కావాలి, ఎందుకంటే మోగ్లీ కోరికకి వాడు అద్దం. బాలూ కూడా మారిపోయాడు. పుస్తకంలో అడవి చట్టం నేర్పే మాస్టారు, ఇక్కడ క్లాస్ ఎగ్గొట్టించే ఫ్రెండ్.

మరి ఎవరు పాడరు? బగీరాకి తనదంటూ పాట లేదు. షేర్ ఖాన్‌కీ లేదు, రాబందుల పాట చివర్లో గొంతు కలుపుతాడంతే. పులికి మోగ్లీని మెప్పించాల్సిన పనిలేదు, చంపితే చాలు. బగీరా చెప్పేది నిజమే, కానీ నిజాన్ని ఆకర్షణగా చెప్పడం ఆయనకి రాదు. అందుకే సినిమా అంతా వాదించి ఓడిపోతాడు. చివర్లో నీళ్ళకొచ్చిన అమ్మాయి ఒక్క పాట పాడి, కుండ జారవిడుస్తుంది. మోగ్లీ ఆ కుండ నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళిపోతాడు.

మన భాషలో చెప్పాలంటే, ఆ పాటని కామెంట్ చేసి రన్ చెయ్యండి. సినిమాకి ముగింపే ఉండదు. లూయీ పాట తీసేస్తే, కోతులు మోగ్లీని ఎందుకు ఎత్తుకెళ్ళాయో తెలీదు. నిజం చెప్పాలంటే ఏనుగుల కవాతు తీసేసినా కథ పెద్దగా ఆగదు. కానీ ఎవరు కనబడితే వాళ్ళలా మారిపోయే మోగ్లీ స్వభావం మనకి మొదట తెలిసేది అక్కడే.

కాబట్టి స్కిట్‌కి పాట రాసేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. పాడేవాళ్ళకి ఎదుటివాళ్ళ నుంచి ఏం కావాలి? పాట అయ్యేసరికి ఎవరి మనసు మారింది?

ఈసారి స్కిట్‌లో హాస్టల్ వదిలి వెళ్ళిపోతానంటున్న రూమ్మేట్‌ని ఆపడానికి ఒకడు పాడతాడు. నేనే రాశా. అక్కకి పంపాను. "తీసేస్తే వాడు వెళ్ళిపోతాడు కదా, ఉంచు" అని రిప్లై వచ్చింది.