ఆంగ్లంలో ఉచ్చారణానుగుణ లేఖనం: సంధి దృష్టి

ఆంగ్లం పలుకులో సంధి చేస్తుంది. వ్రాతలో చాలవరకు చేయదు. సంహితను లిపిలోనే చూపే సంస్కృతానికి ఇది విపరీతం. నవలల సంభాషణలలో, గేయాలలో, స్నేహితుల ఉత్తరాలలో ‘గోయింగ్ టు’ను ‘గొనా’ అనీ, ‘వాంట్ టు’ను ‘వానా’ అనీ, ‘డిడ్ యు’ను ‘డిజ’ అనీ వ్రాయడం ఈ కొరతను తీర్చే యత్నమే. వీటిని అపశబ్దాలని త్రోసిపుచ్చడం పరిపాటి. కాని వీటికి నియమం ఉంది.

‘గోయింగ్’ చివరి కంఠ్యానునాసికం పరమందున్న టకారాన్ని అనుసరించి నకారమవుతుంది; ఆపై టకారం లోపిస్తుంది. మొదటి కార్యం పరసవర్ణమే. ‘డిడ్ యు’లో డకార యకారాలు కలిసి జకారం కావడం ‘అద్య’ ప్రాకృతంలో ‘అజ్జ’ అయిన తీరును తలపిస్తుంది.

అంతకంటె విశేషం అర్థనియమం. ‘ఐ యామ్ గోయింగ్ టు రీడ్’ అన్నచోట ‘గోయింగ్ టు’ భవిష్యదర్థకం, ‘గొనా’ చెల్లుతుంది. ‘ఐ యామ్ గోయింగ్ టు లండన్’ అన్నచోట గమనార్థకం; చెల్లదు. ప్రామాణిక లేఖనం మరుగుపరచిన భేదాన్ని ఈ ‘తప్పు’ వ్రాత బయటపెడుతున్నది. ‘హూ డు యు వాంట్ టు సీ’ అన్న ప్రశ్నలో ‘వానా’ సాధ్యం. ‘హూ డు యు వాంట్ టు విన్’లో అధిక సంఖ్యాకులు అలా పలకరు. ఇందులో ‘హూ’ అన్నది ‘విన్’ క్రియకు కర్త. ‘వాంట్’కూ ‘టు’కూ నడుమ ఉండవలసినది వాక్యాదికి జరిగింది. ఖాళీ అయిన ఆ స్థానమే సంధిని అడ్డుతున్నదని ఆధునిక భాషాశాస్త్రంలో ప్రసిద్ధమైన వివరణ. ‘హరే ఏహి’ అన్నది ‘హర ఏహి’ అయిన పిమ్మట, యకారలోపం అసిద్ధం కావడంచేత వృద్ధి రానట్టిదే ఇది. ఒకటి వర్ణవిషయం, మరొకటి పదవిషయం. అయినా పోలిక వ్యర్థం కాదు.

ఈ రూపాలతో కలిపివేయరాని వర్గం మరొకటుంది. 1884లో వెలువడిన మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బరీ ఫిన్’లో కథకుడైన బాలుడు ‘సివిలైజ్’ అన్న మాటను ‘సి’ అక్షరానికి బదులు ‘ఎస్’తో వ్రాస్తాడు. ఉచ్చారణలో భేదం లేదు. చదువురానితనం కంటికి కనబడుతుందంతే. ఇటువంటి వ్రాతకు ‘నేత్రమాండలికం’ అన్న అర్థం వచ్చే పేరును 1925లో జార్జ్ ఫిలిప్ క్రాప్ పెట్టాడు. ట్వేన్ చేతిలో అది వ్యంగ్యసాధనం. సామాన్య రచయితల చేతిలో తరచు పాత్రను చులకన చేయడమే.

ఇక ‘కుడ్ హావ్’కు బదులు ‘కుడ్ ఆఫ్’ అని వ్రాయడం రెంటికీ చెందదు. ఊనిక లేని ‘హావ్’ హకారం కోల్పోయి, ఊనిక లేని ‘ఆఫ్’తో సమానంగా వినబడుతుంది. విన్నది సరియే, పదచ్ఛేదమే తప్పు.