మోటారుబండి ముందద్దమును కడుగు మీట: దాని దోషమును కనుగొను విధము

మోటారుబండిలోని చిన్న యంత్రములలో ముందద్దముమీద నీరు చిమ్మునది మిక్కిలి స్వల్పమైనదిగా ఎంచబడుచున్నది. అది చెడినను బండి నడుచును గనుక, పెక్కుమంది దానిని బాగుచేయుటను నేటికి రేపటికి వాయిదా వేయుదురు. కాని మన ఆర్మూరు ప్రాంతమున పసుపు పంట ఇంటికి వచ్చు దినములలో ఈ యుపేక్ష అపాయకరము. ఉడుకబెట్టి యెండబెట్టిన కొమ్ములను డ్రమ్ములలో త్రిప్పి మెఱుగుపెట్టునపుడు లేచు ధూళియు, కళ్లముల మట్టియు, లారీల వెనుక లేచు దుమ్మును అద్దముమీద పేరుకొనును. తెల్లవారుజామున దానిపై మంచు పడగా పలుచని అడుసగును. అట్టి యద్దమును నీరు లేక వైపరుతో తుడిచినచో మురికి పోదు సరికదా, అర్ధచంద్రాకారముగ పులుముకొనును. ఎదుటి బండి దీపము దానిపై పడగానే త్రోవ యంతయు తెల్లని తెఱవలె కనబడును.

విద్యార్థులారా, ఇచ్చట చిన్న లెక్క వేసి చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి 3 సెకనులలో 50 మీటర్లు పోవును. చూపు మఱుగైన ఆ 50 మీటర్లలో పసుపు బస్తాల ట్రాక్టరో, సైకిలుమీద బడికి వచ్చు బాలుడో ఉండవచ్చును. 44వ, 63వ జాతీయ రహదారులు రెండును మన యూరి చెంతనే పోవుచున్నవి గదా!

అమెరికా దేశమున మేరీ ఆండర్సన్ అను స్త్రీ, బండి లోపలినుండి చేతితో త్రిప్పు వైపరునకు 1903లో పేటెంటు పొందెను. అద్దముమీద నీరు చిమ్ము సాధనము తరువాత వచ్చినది. మిక్కిలి పాత బండ్లలో అది చేతితో నొక్కు రబ్బరు పంపు. హోలీనాడు బాలురు వాడు చిమ్మనగ్రోవి యెట్లో యిదియు నట్లే. తరువాతి బండ్లలో ఆ పని చిన్న విద్యుత్ మోటారు చేయును. డ్రైవరు స్టీరింగు ప్రక్కనున్న మీటను నొక్కిన చాలును.

ఈ యేర్పాటును పొలమునకు నీరు పాఱుటతో పోల్చవచ్చును. బ్యాటరీ చెరువు, తీగలు కాలువలు, మీట తూము తలుపు, మోటారు మడి. మడికి నీరు రానిచో తెలిసిన రైతు చెరువుకట్టను త్రవ్వడు. కాలువ వెంబడి నడచి, నీరు ఎంతవఱకు వచ్చినది, ఎచ్చట ఆగినది చూచును. మనమును అట్లే చేయవలెను. నీరు చిమ్మకపోగానే మీట చెడినదని తలచి క్రొత్తది కొనుట, చూడకుండ కట్టను త్రవ్వుటయే.

1. ఇంజనును నడపక, తాళపుచెవిని మాత్రము త్రిప్పి, మీటను నొక్కి చెవియొగ్గి వినవలెను. మోటారు గుయ్యిమని పలికిన, మీటయు తీగలును మంచివే. దోషము నీటి త్రోవలో నున్నది. తొట్టిలో నీరున్నదా, రబ్బరు గొట్టము ఊడినదా, పగిలినదా చూడవలెను. నాజిలు దగ్గఱ గొట్టమును ఊడదీసి నొక్కినపుడు నీరు ధారగా వచ్చినచో నాజిలు పూడుకొన్నది. సన్నని సూదితో దాని రంధ్రమును శుభ్రము చేయవలెను.

2. మోటారు పలుకనిచో ఫ్యూజును చూడవలెను. పెక్కు బండ్లలో వైపరునకును దీనికిని ఫ్యూజు ఒక్కటియే. అట్టి బండిలో వైపరు ఆడుచున్నచో ఫ్యూజు మంచిదే. కాలిపోయిన దానికి మాఱుగా అదే కొలత గలది వేయవలెను. తీగముక్కనో వెండికాగితమునో చుట్టుట బండికి నిప్పు పెట్టుటతో సమానము.

3. పిమ్మట మోటారు రెండు కొనలకు టెస్టు బల్బును తగిలించి, వేఱొకరిచే మీటను నొక్కింపవలెను. బల్బు వెలిగినచో మోటారే చెడినది. వెలుగనిచో విద్యుత్తు త్రోవలో నెచ్చటనో ఆగినది. బండి యినుమునకు బిగించిన ఎర్తు తీగ త్రుప్పుపట్టినదేమో మొదట చూచి, గీకి, గట్టిగా బిగింపవలెను.

4. తుదకు మీట. దానికి వచ్చు తీగను, దానినుండి మోటారునకు పోవు తీగను చిన్న తీగముక్కతో క్షణకాలము కలిపి చూడవలెను. మోటారు తిరిగినచో దోషము మీటలోనే యున్నదని రూఢి యగును. తిరుగనిచో తీగ నడుమ నెచ్చటనో తెగియుండును.

మీటను విప్పుటకు ముందు బ్యాటరీ నెగటివు తీగను తీయవలెను. స్టీరింగులో ఎయిర్‌బ్యాగు గల బండిని ఇంట విప్పరాదు. అది తెలిసిన మెకానిక్కు పని. పాత బండి మీట లోపల రెండు రాగి లేక ఇత్తడి రేకులుండును. నొక్కినపుడు అవి తాకుకొనవలెను. తేమవలన వానిపై పచ్చని చిలుము పట్టును. చిలుము విద్యుత్తును సరిగా పోనీయదు. నున్నని గరుకు కాగితముతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. రేకు వంగినచో కొంచెము సరిచేయవలెను. స్ప్రింగు నీరసించిన, మీట నొక్కిన చోటనే నిలిచి మోటారు ఆగక తిరుగును. ప్లాస్టిక్కు విఱిగినదైన అప్పుడు మాత్రమే క్రొత్త మీట కొనవలెను.

బాగుచేసినంత మాత్రమున పని ముగియలేదు. తొట్టిలో వడకట్టిన నీటినే పోయవలెను. సున్నము మెండుగా గల బోరునీరు నాజిలును పూడ్చును. నీరు లేని మోటారును నడపినచో త్వరలో చెడును. వారమున కొకసారి తొట్టిని చూచుట మంచిది.

బండిని బాడుగకు నడపి కుటుంబమును పోషించు తండ్రులు మనలో పెక్కుమంది కలరు. పది రూపాయల గొట్టముతో తీఱు దోషమునకు వందలు వ్యయము చేయకుండుట వారికి గొప్ప మేలు. ఆ వ్యయమునకు జడిసి పనిని వాయిదా వేయకుండుట త్రోవలో నడచువారికి అంతకన్న గొప్ప మేలు. విద్యుత్తునుగూర్చి తరగతిలో చదివిన పాఠము ఇట్టి పనికి వచ్చినప్పుడే చదువు సార్థకమగును. కావున బాలురారా, బాలికలారా, ఈ సెలవులలో మీ యింటి పాత బండి మీటను నొక్కి, చెవియొగ్గి వినుడు. పెద్దలను దగ్గఱ నుంచుకొని, ఆగిన చోటు దొరకువఱకు కాలువ వెంబడి నడువుడు.