పైన కన్ను, కింద రాయి

నేను పుట్టేసరికి బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసి రెండేళ్లయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు ముక్కలు. సండూరు కొండల్లో ముప్పై నాలుగేళ్లు గనుల సర్వేయరుగా చేసి దిగిపోయాను. గొలుసుతో మొదలుపెట్టి ఉపగ్రహంతో ముగించినవాణ్ణి. ఇంజినీరింగు చదివే మనవడు మొన్న "జేజినాయనా, ఉపగ్రహాలు ఎన్ని రకాలు?" అనడిగాడు. పరీక్షలో రాయాల్సిన జాబితా వాడి పుస్తకంలోనే ఉంది. నాకు పని నేర్పినవీ, నన్ను బోల్తా కొట్టించినవీ మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

1. రకం తర్వాత, ముందు ఎత్తు అడగండి.

మా మేడెక్కి చూస్తే ఊళ్లో టీవీ డిష్‌లన్నీ దక్షిణానికో ఆగ్నేయానికో మొహం పెట్టి ఉంటాయి. "ఆగ్నేయంలో పొయ్యి ఉండాలి గానీ ఈ గిన్నెలేంది?" అన్నాడొక వాస్తు పెద్దమనిషి. సంగతేమిటంటే, టీవీ ఉపగ్రహం భూమధ్యరేఖ పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ రేఖ మనకు దక్షిణాన ఉంది. అంత ఎత్తున ఒక చుట్టు తిరగడానికి దానికి ఒక రోజు పడుతుంది, భూమికీ అంతే. అందుకే కదలనట్టు కనిపిస్తుంది. డిష్‌ను ఒకసారి బిగిస్తే చాలు.

కిందికి వచ్చేకొద్దీ పరుగెక్కువ. 500 నుంచి 900 కిలోమీటర్ల ఎత్తున బొమ్మలు తీసే ఉపగ్రహం గంటన్నరకు అటూ ఇటూగా భూమిని చుట్టేస్తుంది. వివరంగా చూడాలంటే దగ్గరికి రావాలి, దగ్గరికొస్తే ఒకచోట నిలబడలేదు. జీపీఎస్ ఉపగ్రహాలు ఈ రెంటికీ నడుమ, 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండు చుట్లు తిరుగుతాయి. ఎత్తు తెలిస్తే అది ఏ పని చేయగలదో, ఏది చేయలేదో సగం తెలిసినట్టే.

2. ఎరువు సొమ్ము బరువు చేటు.

1975లో నాకు ఇరవై ఏళ్లు. కర్నూలు జిల్లాలో మా మేనమామ ఊళ్లో పంచాయతీ అరుగు మీద టీవీ పెట్టారు. పైన కోళ్లగూటికి కట్టే జాలీలాంటి తీగెలతో అల్లిన పెద్ద గొడుగు. అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనదేశం ఏడాదికి అడిగి తెచ్చుకుంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు, వాటిలో ఆంధ్రప్రదేశ్‌వీ కర్ణాటకవీ ఉన్నాయి. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలు పంపే వీలు ఆ ఉపగ్రహంలో ఉండేది. బళ్లారివాణ్ణి కదా, నాకు అదే అన్నిటికంటే వింత. పుట్టినప్పటి నుంచీ మా బతుకే అది.

1976 జులై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని వాళ్లు తిరిగి పక్కకు జరుపుకున్నారు. అరుగు మీద పెట్టెకు మా అత్త బట్ట కప్పింది. మన ఇన్శాట్-1ఎ 1982లో ఎగిరి కొన్ని నెలలకే చెడిపోయింది. 1983లో ఎగిరిన 1బి నిలబడ్డాకే దేశానికి సొంత టీవీ ఉపగ్రహం దక్కింది.

3. యంత్రం చెప్పిన అంకె ఏ లెక్కలోదో కనుక్కోండి.

ఇది నా తప్పు, ఎవరి మీదా తొయ్యను. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్‌లో కావాలని కలిపే పొరపాటును ఎత్తేసింది. అంతకుముందు వంద మీటర్ల దాకా తేడా చూపిన చేతి యంత్రం ఒక్కసారిగా పది, పదిహేను మీటర్లకు దిగింది. నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఒక గని వాళ్ల లీజు మూలను టోపో షీటు నుంచి తీసుకుని, ఆ అక్షాంశ రేఖాంశాలను యంత్రంలో కొట్టి, అది చూపిన చోట కర్ర పాతించాను. మరునాడు పాత మేస్త్రీ ఒకాయన వచ్చాడు. "సార్, మీ కర్ర అడవిలో ఉంది. రాయి ఆ చింతచెట్టు కింద కదా" అన్నాడు. వెళ్లి ఆకులు తీసి చూస్తే రాయి అక్కడే ఉంది, గంటు కూడా చెరగలేదు.

టోపో షీట్లు గీసినప్పుడు భూమి ఆకారానికి వాడింది ఎవరెస్టు దొర 1830 నాటి లెక్క. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84. ఒకే అంకెను ఈ రెండు లెక్కల్లో పెడితే మా ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుతుంది. ఉపగ్రహం అబద్ధం చెప్పలేదు, నేను దాన్ని వేరే భాషలో అడిగాను.

ఇంకో మాట. జీపీఎస్ ఉపగ్రహం మనల్ని చూడదు. అది గడియారం మోస్తూ టైము చెప్తూ పోతుంది. నాలుగు ఉపగ్రహాల టైములు అందితే, ఎంత ఆలస్యంగా అందాయన్నదాన్ని బట్టి మన యంత్రమే మన చోటును లెక్కగట్టుకుంటుంది. సెకనులో వందకోట్లో వంతు తప్పినా నేల మీద ముప్పై సెంటీమీటర్లు తప్పినట్టే. జీపీఎస్‌లాంటి మన దేశపు సొంత ఏర్పాటు నావిక్‌దీ అదే పద్ధతి, కాకపోతే దాని ఉపగ్రహాలన్నీ 36,000 కిలోమీటర్ల ఎత్తునే ఉన్నాయి. మొదటిది 2013 జులైలో ఎగిరింది.

4. బొమ్మలో చుక్క ఎంత పెద్దదో చూడండి.

1988లో ఐఆర్ఎస్-1ఎ ఎగిరింది. దాని మెరుగైన కెమెరాలో ఒక్కో చుక్క నేల మీద 36 మీటర్లు. మా గని గుంత అందులో నాలుగైదు చుక్కలు, అంతే. 2003లో రిసోర్స్‌శాట్ వచ్చింది, చుక్క 5.8 మీటర్లు. 2005లో కార్టోశాట్-1 రెండున్నర మీటర్లకు దించింది. పైగా దానికి ముందుకొకటి వెనక్కొకటి రెండు కళ్లు, మనిషి రెండు కళ్లతో లోతు చూసినట్టే. గుంత లోతు, మట్టి దిబ్బ ఎత్తు పైనుంచే కొలవొచ్చని తెలిసిన రోజున కొందరు యజమానులకు నిద్ర పట్టలేదు.

మొదటిసారి ఉపగ్రహం తీసిన రంగుల బొమ్మ చూసి నేనే కంగారుపడ్డాను. అడవంతా నెత్తురులా ఎర్రగా ఉంది, మా ఎర్రమన్నేమో ఎరుపే కాదు. ఆకు ఎక్కువగా తిప్పికొట్టేది కంటికి కనబడని పరారుణ కాంతిని. దానికి బొమ్మలో ఎరుపు వేస్తారు. అలవాటయ్యాక తెలిసింది, ఎరుపు తగ్గిన చోటల్లా కొండ బోడి అవుతున్నట్టు.

2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆపేసింది. ఉపగ్రహ చిత్రాలతో, నేల మీద మరింత కచ్చితంగా కొలిచే జీపీఎస్ అయిన డీజీపీఎస్‌తో లీజులన్నీ కొలిచి మూడు తరగతులు చేశారు. లీజు దాటి తవ్విన గుంత పది శాతం మించినా, దాటి పోసిన దిబ్బలు పదిహేను శాతం మించినా అది సి తరగతి. 2013 ఏప్రిల్ 18 తీర్పుతో సి తరగతి లీజులు రద్దయ్యాయి. కూలీల ఇళ్లలో పొయ్యి ఆరిన రోజులవి. కొండకు ఊపిరి అందిన రోజులు కూడా. రెండూ చూసినవాణ్ణి, ఒక్కటే చెప్పలేను.

5. మబ్బు పడితే వేరే కన్ను కావాలి.

సిరుగుప్పలో వరి నాట్లు పడేది వానాకాలంలో. అప్పుడే మామూలు కెమెరాకు మబ్బు అడ్డం. రాడార్ ఉపగ్రహం తన తరంగాన్ని తానే పంపి, తిరిగొచ్చినదాంతో బొమ్మ కడుతుంది. దానికి మబ్బూ చీకటీ లెక్కలేదు. 2009 సెప్టెంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలలో కనబడకుండా పోయినప్పుడు, అంతకు నాలుగున్నర నెలల ముందే ఎగిరిన రీశాట్-2ను వెతకడానికి వాడారు. శకలాలను మరునాడు కనిపెట్టింది మాత్రం వైమానిక దళం హెలికాప్టర్లు. మనం సొంతంగా కట్టిన రాడార్ ఉపగ్రహం రీశాట్-1 2012లో ఎగిరింది.

6. వాతావరణం గురించి.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. తుపానుపై కన్నేసి ఉంచడానికి అప్పుడు మనకు సొంత ఉపగ్రహం లేదు. ఇప్పుడు ఇన్శాట్-3డి తరగతివి అరగంటకొక బొమ్మ పంపుతున్నాయి. ఉపగ్రహానికి అంత ఖర్చెందుకు అనేవాళ్లకు నా జవాబు ఇదొక్కటే.

7. హద్దు పైనుంచి కనబడదు.

1953 దాకా రాయదుర్గం తాలూకా మా జిల్లాలోదే. ఆ ఏడు అక్టోబరు 1న అది ఆంధ్రలోకి పోయి, తాలూకా హద్దే రాష్ట్రాల హద్దయింది. అరవై ఏళ్ల తర్వాత గనుల గొడవలో ఆ హద్దు ఎక్కడన్నదే పెద్ద ప్రశ్నయింది. కొండ మీద గుర్తులు చెరిగిపోయాయి. సరిహద్దును ఆనుకున్న కొన్ని లీజులను కోర్టు విడిగా పక్కన పెట్టింది. హద్దు తేల్చే పని సర్వే ఆఫ్ ఇండియా మీద పడింది. వాళ్లకు పాత అడవి పటాలూ, మిగిలిన రాళ్లూ కావలసివచ్చాయి. మీటరు కంటే చిన్న వస్తువును పట్టే తర్వాతి కార్టోశాట్ కూడా ఇది ఆంధ్ర, ఇది కర్ణాటక అని చెప్పలేదు. ఎర్రమన్ను రెండు పక్కలా ఒకటే ఎరుపు.

మనవడు ఫోనులో ఇస్రో వాళ్ల పటాల సైటు భువన్ తెరిచి "ఇదిగో గీత" అని చూపించాడు. ఆ గీత ఉపగ్రహానికి కనబడింది కాదు నాయనా, కింద రాళ్లు కొలిచి గీసి ఆ బొమ్మ మీద పరిచింది.

సరిహద్దు ఊళ్లలో పొలాలున్నవాళ్లకు నా మనవి ఒకటే. ట్రాక్టరు నాగలికి హద్దు రాయి తగిలితే పీకి గట్టు మీద పడెయ్యకండి, పక్కనుంచి దున్నుకోండి.