నిలబెట్టి చూడు, అమ్మలూ



మెల్‌బోర్న్ శివారు కేరమ్ డౌన్స్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టావట, సంతోషం. శివవిష్ణు ఆలయానికి వచ్చే మనవాళ్ళూ, అక్కడి ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాళ్ళూ నీ దగ్గరికి వస్తారు. సాయంత్రానికి కాళ్ళు పీకుతున్నాయంటారు. చెయ్యి వెయ్యకుండా స్కాన్‌కి రాసెయ్యకు.

ముందు నిలబెట్టు. పడుకుంటే రక్తం జారిపోయి వెరికోస్ వెయిన్స్, అదే ఉబ్బిన సిరలు, కనిపించవు. మన ఆడవాళ్ళు చీర మోకాలి దాకా ఎత్తి "చాల్లెండి" అంటారు. తలుపు వేసి, నచ్చజెప్పి, గజ్జ దాకా చూడు. వెనక్కి తిప్పడం మర్చిపోకు. బయటి చీలమండ వెనక నుంచి పిక్క మీదుగా పోయే చిన్న సఫీనస్ సిర అటునుంచే దొరుకుతుంది.

రోగి మెలికలు తిరిగిన సిరని చూపిస్తాడు. నువ్వు లోపలి చీలమండ పైన ఆగు. తెల్లతోలు మీద గోధుమరంగు మచ్చ ఇట్టే తెలుస్తుంది, మన చామనఛాయ మీద కంటికి ఆనదు. అందుకే వేళ్ళతో తడుము. చర్మం బిగిసి, చెక్కలా గట్టిపడిందా? కాలి సిరల జబ్బుకి 1994లో కుదిరిన సీఈఏపీ వర్గీకరణలో ఉబ్బిన సిర సీ2 మాత్రమే. వాపు సీ3, ఈ చర్మం సీ4, మానిన పుండు సీ5, మానని పుండు సీ6.

గజ్జలో మెత్తటి బుడిపె ఉండి, పడుకోగానే పోతే హెర్నియా అని తేల్చెయ్యకు. కింద సిర మీద తట్టు. ఆ అదురు బుడిపె మీది వేలికి అందితే అది సిర ఉబ్బు, సఫీనా వేరిక్స్.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, మా కేజీహెచ్ రోజుల్లో, ట్రెండెలెన్‌బర్గ్ పరీక్ష చెయ్యడం రానివాణ్ణి పాస్ చేసేవారు కాదు. కాలెత్తి సిరలు ఖాళీ చేసి, తొడకి పట్టీ బిగించి, నిలబెట్టి విప్పితే పైనుంచి రక్తం దూకేది. చూడ్డానికి భలే ఉండేది! ఇప్పుడు డ్యూప్లెక్స్ స్కాన్ ఏ కవాటం కారుతోందో, రక్తం అర సెకను మించి వెనక్కి పారుతోందో లేదో లెక్కతో చెబుతుంది. పట్టీల పరీక్ష నేర్చుకో, ఆపరేషన్ నిర్ణయం మాత్రం దాని మీద పెట్టకు.

బిగుతు స్టాకింగ్స్ రాసేముందు పాదం నాడి చూడు. చీలమండ బీపీకి చేతి బీపీకి నిష్పత్తి 0.8 కన్నా తగ్గితే స్టాకింగ్స్ కాలికే ముప్పు. ముదిరిన షుగరులో ధమనులు గట్టిపడి ఆ అంకె ఎక్కువ చూపిస్తుంది, నమ్మకు. బొటనవేలి ప్రెషర్ కొలిపించు.

ఒక్క కాలే, ఉన్నట్టుండి వాచిందంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి, లోతు సిరలో రక్తపు గడ్డ ఉందేమో అదే రోజు తేల్చు.

మీ పెదనాన్న