శ్రీశైల యాత్ర – నల్లమల దారి

శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకము, దక్షిణాన సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరాన ఉమామహేశ్వరము ద్వారక్షేత్రాలని భక్తులెరుగుదురు. హైదరాబాదు నుండి వచ్చే 765వ జాతీయ రహదారి ఆ ఉత్తరద్వారానికి చేరువగా సాగి, మన్ననూరు వద్ద నల్లమలలో ప్రవేశిస్తుంది. వటవర్లపల్లి, దోమలపెంట దాటి, మలుపులు తిరుగుతూ కృష్ణలోయలోకి దిగి, వంతెన మీదుగా సుండిపెంట వైపు ఎక్కుతుంది.

పూర్వులది వేరొక త్రోవ. ఆత్మకూరు వైపు నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారానికి నడిచేవారు. కన్నడ భక్తులు ఉగాదికి నేటికీ ఆ దారినే వస్తారు. 14వ శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి సోపానాలు కట్టించాడు. కొండదారిలో రాతిమెట్టు ఎంతటి దానమో భీముని కొలను లోయ దిగి ఎక్కినవారికే తెలుస్తుంది. నా మోకాళ్లకు ఇప్పటికీ జ్ఞాపకమే!

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుండి ఉదయం 6 గంటల వరకు మూసి ఉంటుందని యాత్రికులు విసుగుకొనడం తరచు వింటాను. అది అమ్రాబాదు పులుల అభయారణ్యం. వాహనాల వెలుగు కంట పడగానే జింక కదలక నిలిచిపోతుంది. పగటివేళ కోతులకు పండ్లు విసరడం పుణ్యమని కొందరి తలంపు. ఆ తిండికి అలవాటుపడి అవి రోడ్డునే కాచుకొని చక్రాల క్రింద పడుతున్నాయి. నా దృష్టిలో అది దానం కాదు.

హైదరాబాదు నుండి ఉదయమే బయలుదేరినవారు పగటి వెలుగులోనే అడవి దాటగలరు. రంగాపురం వద్ద ప్రక్కకు మళ్లి ఉమామహేశ్వరుని దర్శించుకొనుటకూ వ్యవధి చిక్కుతుంది.